మంచులో నక్క జాడ

రాత్రి కురిసిన మంచు తెల్లారేసరికి ఆగింది. అక్కాచెల్లెళ్లిద్దరూ టీ తాగి ఊరి వెనక గుట్ట ఎక్కారు. చెల్లెలు సైకాల్ చలికాలంలో నగరం వదిలి పుట్టిన ఊరికి రావడం చాలా ఏళ్ల తర్వాత ఇదే మొదటిసారి. అక్క బురుల్చా మాత్రం ఈ నరీన్ లోయ దాటింది లేదు.

"ఇవేం అడుగులో చెప్పు చూద్దాం," అంది సైకాల్.

చిన్నప్పుడు వాళ్ల ఆట అదే. చెల్లి తప్పు చెబితే అక్క దాని మెడలో మంచు పోసేది. ఒకసారి కుక్క కాళ్లకు నాన్న పాత చేతితొడుగులు కట్టి నడిపించి, "తోడేలొచ్చిందే!" అని బెదరగొట్టింది. ఆ చలికాలమంతా సైకాల్ ఒంటరిగా గొర్రెల దొడ్డిలోకి పోతే ఒట్టు.

బురుల్చా వంగి చూసి, "కుందేలు," అంది.

"కుందేలేంటక్కా! ఒకదాని వెనక ఒకటి, దారం లాగినట్టుంటే?"

"అయితే కుక్క."

"కుక్క ఇంత తిన్నగా నడుస్తుందా?"

అక్క శాలువా సర్దుకుంది. ఆమె చూపు అడుగుల మీద లేదు, పక్కనున్న ఉత్త మంచు మీద ఉంది.

"అక్కా, నీకు కనిపించట్లేదు కదూ?"

"ఈ తెలుపులో అంతా తెల్లగానే ఉంటే ఏం కనిపిస్తుందే? ఇంట్లో బానే ఉంటుంది. ఎవరితో అనకు. తెలిస్తే మా కోడలు నన్ను పాలు కూడా పితకనివ్వదు."

సైకాల్ మంచులోనే చతికిలబడింది. అక్కనూ కూర్చోబెట్టి, చేతితొడుగు లాగేసి, ఆమె వేళ్లను ఆ అడుగు గుంటలో పెట్టింది.

బురుల్చా మెల్లగా తడిమింది. సన్నటి పాదం, ముందుకు పొడుచుకొచ్చిన రెండు వేళ్లు. ముఖం వెలిగిపోయింది.

"నక్కే! అంచు ఇంకా గట్టిపడలేదు. ఇప్పుడే పోయింది, దొంగముండ! లే, ఎటెళ్లిందో చూద్దాం."

చేతులు పట్టుకుని నడిచారు. కనిపించింది చెల్లి చెప్పడం, అక్క తడిమి తీర్పివ్వడం. జునిపర్ పొద దగ్గర నిజంగానే ఒక కుందేలు జాడ కలిసింది. అది వచ్చిన దారినే వెనక్కి నడిచి, పక్కకు ఒక్క గెంతు గెంతి మాయమైంది. నక్క అక్కడే చుట్టూ తిరిగి తిరిగి లోయలోకి దిగిపోయింది.

"తప్పించుకుందే!" అని బురుల్చా చప్పట్లు కొట్టింది. నాన్న పోయాక అక్క అంత గట్టిగా నవ్వడం సైకాల్ వినలేదు.

"నాతో రా అక్కా. కళ్లు చూపిద్దాం. మీ కోడలితో నేను మాట్లాడతా."

బురుల్చా కాసేపు గునిసింది. మంచు కరిగాక వెళ్లి శుక్లాలు తీయించుకుంది. మళ్లీ మంచు పడేదాకా ఆగలేక, ఆ వసంతమంతా వాగు ఒడ్డు బురదలో అడుగులు వెతుక్కుంటూ తిరిగింది.