ఆవ పెట్టిన చేపకు సాక్ష్యం

బేబీ మొగుడు విక్టర్ మహా ప్రతిభావంతుడు. చేపను చేత్తో ముట్టుకోకుండానే వండగలడు. ఇలాంటి మొగుణ్ణి ఇచ్చినందుకు దేవుడికి స్తుతులు చెల్లించాలో, పై కోర్టుకు వెళ్ళాలో పద్దెనిమిదేళ్ళుగా బేబీకి తేలలేదు.

బొబ్బిలిలో వాళ్ళింటి ఆవ పెట్టిన చేపకు పేరుంది. పండుగప్ప ముక్కలకు ఆవముద్ద, చింతపండు గుజ్జు, ఎండుమిరప, వెల్లుల్లి పట్టించి, అరిటాకుల్లో పొట్లాలు కట్టి, ఇడ్లీపాత్రలో ఆవిరి మీద ఉడికించే చేప. ఆకు విప్పగానే ఘాటు ముక్కుకెక్కుతుంది, పులుపు నాలుక చివర నిలబడిపోతుంది. పొలుసు గీకేది బేబీ. ఆవాలు నానబెట్టి నూరేది, ఆకు చిరక్కుండా సెగ చూపించేది, మూత తీస్తూ మణికట్టు కాల్చుకునేది బేబీ. చుట్టాల ముందు పళ్ళెం పెట్టేవేళకు మాత్రం విక్టర్ చొక్కా చేతులు మడుచుకుంటూ వస్తాడు. "మసాలా నేనే కలిపినానండీ." పక్కనుంచి అత్తగారు అన్నమ్మ అందుకుంటుంది. "మా ఇక్టరు సెయ్యి పడితేనే ఆ రుసి. కోడలు మూతెడతాది, అంతే. మిగతాది ఆవిరి సూసుకుంటాది."

అవును మరి. మామగారికి ముళ్ళు తీసిపెట్టేదీ ఆవిరే, చేపల నీచు పోయేదాకా వంటగది కడిగేదీ ఆవిరే. కెమిస్ట్రీలో డిగ్రీ చేసిన తనకే ఆవిరికి ఇన్ని గుణాలున్నాయని ఆ ఇంటికొచ్చేదాకా తెలియలేదు. అందరూ తిని లేచాక ఆవిరికీ తనకూ కలిపి ఒక తోకముక్క మిగిలేది.

ఒక శుక్రవారం ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నారు. పాస్టరుగారు రెండోసారి వడ్డించుకుంటూ మెచ్చుకుంటే బేబీ తొలిసారి నోరు తెరిచింది. "ఆవ నేను నూరానండీ అయ్యగారూ." విక్టర్ నవ్వాడు. "డిగ్రీ సదివింది కదండీ, మిక్సీ స్విచ్ నొక్కడం బాగా వచ్చు." గదిలో పదకొండు మందీ నవ్వారు. బేబీ చేతిలో అన్నం గిన్నె ఉంది. విసిరితే ఎవరికి తగులుతుందో కూడా చూసుకుంది. విసరలేదు. ఆ మెతుకులు ఏరుకోవాల్సిందీ తనే. ముక్కకు పులుపు పట్టడానికి కాస్త సమయం ఇస్తాం కదా, కోపానికీ ఇచ్చింది.

పై వారం చర్చిలో స్త్రీల ఆదివారం. ఏడాదికి ఆ ఒక్కరోజు మగవాళ్ళు వండి ఆడవాళ్ళకు వడ్డించాలి. జరిగేదేమిటంటే, శనివారమే ఆడవాళ్ళు ఇళ్ళలో సగం వంట చేసి పంపుతారు, మగవాళ్ళు గరిటెలు పట్టుకుని ఫొటోలు దిగుతారు. విక్టర్ అరవై మందికి చేప ఒప్పుకుని వచ్చాడు.

"బేబీ, ముద్ద నూరేసి సిద్ధం సెయ్యి. రేపు అక్కడ పొట్లాలకి ఆవిరి నేను పెడతాను."

"అయ్యో, మీ చెయ్యి పడకపోతే రుచి ఎలా వస్తుందండీ?" అంది బేబీ. ఆవాలు, చింతపండు, మిరపకాయలు, ఆకులు అన్నీ సంచిలో సర్ది ఇచ్చింది. తన చెయ్యి మాత్రం అందులో వెయ్యలేదు.

నానిన ఆవాలకు ఉప్పూ మిరపా చేర్చి, నాలుగు తిప్పులు తిప్పి ఆపెయ్యాలి. ఇంకా నున్నగా రావాలని తిప్పుతూ పోతే చేదెక్కుతుంది. అడిగితే చెప్పేదే. పద్దెనిమిదేళ్ళు అడగనివాడు ఆవేళా అడగలేదు. ఆరాధన జరుగుతుంటే చర్చి వెనక నుంచి మిక్సీ మోత ఆగకుండా వినిపించింది. బేబీ కళ్ళు మూసుకుని ఎన్నడూ లేనంత శ్రద్ధగా ప్రార్థన చేసింది.

బంతి కూర్చుంది. విక్టర్ మైకు పట్టుకుని, "ఇదిగో, మా ఇంటి చేప!" అని ప్రకటించాడు. అన్నమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఓర్నాయనో, ఏటిరా ఇది? ఏపాకు నూరినావేటి?"

బల్లల వెంట చేతులు ఒక్కొక్కటే ఆగాయి. విక్టర్ బేబీ వైపు చూశాడు. ఇలాంటప్పుడు తప్పు తన మీద వేసుకోవడం కూడా ఆమె పనుల్లో ఒకటి. ఆమె కదలకపోయేసరికి మైకులోనే అనేశాడు. "మా బేబీ ఇచ్చిన ఆవాలు పాతవండీ."

బేబీ లేచి నిలబడింది.

"అవే ఆవాలు. మొన్న అయ్యగారు రెండుసార్లు వడ్డించుకున్నదీ వాటితో చేసిందే. ఆరోజు నేను నూరాను, ఈరోజు మీరు నూరారు. ఆవిరి అదే." కాలిన మచ్చలు అందరికీ కనబడేలా చెయ్యి బల్ల మీద ఆనించింది. "ఇకమీదట ఈ చేప ఎవరిదని చెప్పుకుంటారో వాళ్ళే వండాలి. నేను వండను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అన్నమ్మ ఆకు ముందు నుంచి లేచి, ఎంగిలి చెయ్యి కడుక్కుని వెళ్ళి కొడుకు చేతిలోని మైకు లాక్కుంది. ప్రార్థన కూడికల్లో సాక్ష్యం చెప్పేటప్పుడు నిలబడినట్టే ముసుగు సవరించుకుని నిలబడింది.

"ఈడు ఏనాడూ సేప ముట్నేదు. నాకు తెల్సు. కొడుకుని పెద్ద సేద్దారని నానే అబద్దం ఆడినాను. ఆ రుసి మా కోడలి సేతిది." ఆ తర్వాతి మాట మైకుకు అందకుండా నేలకేసి గొణిగింది.

"వెనక బల్లలకు వినపడలేదు అత్తయ్యా," అంది బేబీ.

అన్నమ్మ మైకును నోటి దగ్గరకు తెచ్చుకుంది.

"తప్పు నాదేనమ్మా."