కిటికీకి ఎదుటి అద్దం

బడేబీ కుంచెను కుండలో ముంచి, అంచుకు తట్టి, సముద్రం వైపు గోడకు రెండో పూత మొదలుపెట్టింది. ఆలుచిప్పలు కాల్చిన సున్నం, అందులో చిటికెడు నీలిమందు. ఆమె అరచేతులు ఎప్పుడూ పగిలే ఉంటాయి. తాపీపని చేసే భర్త రహ్మాన్ పోయినప్పటి నుంచీ తోటపల్లి గూడూరు చుట్టుపక్కల ఇళ్లకు వెల్ల వేసేది ఆమే. వెల్ల ఒక్కటేనా? పటాలు ఎంత ఎత్తున కట్టాలి, బల్ల ఎక్కడ వేయాలి, అన్నీ ఆమెనే అడిగేవాళ్లు. ఇంట్లో మనిషి ఎక్కువసేపు ఎక్కడుంటే అక్కడ కూర్చుని చూసిగానీ చెప్పేది కాదు.

నయాపైసలు వచ్చిన కొత్తలో సంగతి ఇది. చేపలు పట్టే పట్టపోళ్ల చెంచమ్మ పూరిల్లు తీసేసి పెంకుటిల్లు కట్టుకుంది, ఈ వెల్ల దానికే. మర్నాడు చుట్టాలొస్తారు. నాయుడుపేటలో కొన్న పెద్ద అద్దాన్ని వీధి తలుపుకు ఎదురుగా తగిలించాలనీ, అత్త ముసలమ్మ కుక్కిమంచాన్ని వెనక వసారాలో వేయాలనీ ఆమె అనుకుంది. ముసలమ్మ సరేనంది గానీ అన్నం ముట్టలేదు. కొడుకు, అంటే చెంచమ్మ మొగుడు, మాలకొండయ్య పడవ వచ్చిందని తెలిస్తేగానీ ఆమెకు ముద్ద దిగదు. తుంటి విరిగాక ఎడమ పక్కకే పడుకోగలదు. సముద్రం వైపున్న కిటికీకి తిప్పుదామంటే తల ఉత్తరానికి వస్తుంది, అది ఎవరూ చేయని పని. అందుకని మంచాన పడ్డప్పటి నుంచీ సముద్రం ఆమె వీపు వెనకే ఉండిపోయింది.

బడేబీ కుంచె పక్కన పెట్టి, మంచం పట్టె మీద తల ఆనించి చూసింది. ఎదురుగా ఉత్త గోడ.

"అద్దం ఈ గోడకు పెడదాం చెంచమ్మా. గదికి వెలుతురొస్తాది. మంచం మీద పూల దుప్పటి పరుచు. మేకు ఇంకా కిందకి కొట్టాల, ఇంకా."

"ఇంత కిందకా? పిల్లి మొహం చూసుకోడానికా అక్కా?"

"మీ అత్త చూడ్డానికి."

బడేబీ అద్దం ఎత్తి పట్టుకుంది. గదిలోకి సముద్రం వచ్చింది. చెంచమ్మ మేకు తనే తెచ్చింది. వసారా మాట మళ్లీ ఎత్తలేదు.

నీరెండ వేళకు అద్దంలో తెరచాప కనపడింది.

"ఏందిమే, వీడు ఉత్తరం నించి వస్తుండాడు? పొద్దున పోయింది దక్షిణాన పులికాట్ దిక్కు గదా," అని ముసలమ్మ గాభరా పడింది.

"అద్దంలో కుడి ఎడమలు మారినాయత్తా. దారి నీకే తప్పింది," అంది చెంచమ్మ.

ముసలమ్మ బోసినోటితో చాలాసేపు నవ్వింది. అడిగి మరీ అన్నం పెట్టించుకుంది. చెంచమ్మ గంప తీసుకుని రేవుకు పోయింది. ముసలమ్మ ఆకువక్క దంచిపెట్టమంటే బడేబీ మంచం పక్కన చతికిలబడి, ఊళ్లో కబుర్లు చెబుతూ దంచింది. చాలాసేపటికి చూస్తే ఊ కొట్టే మనిషి లేదు. కళ్లు అద్దం మీదే ఉన్నాయి. అందులో తెరచాప దించుతున్నారు.

బడేబీ చేతులు కొంగుకు తుడుచుకుని ఆ కళ్లు మూసింది. చెంచమ్మను పిలవడానికి బయటికి నడిచింది.

మంచంకోడు దగ్గర చిన్న రోట్లో సగం నలిగిన తమలపాకు, వక్క, మీద కాస్తంత సున్నం.