ఏమీ లేని కంప్యూటర్

సీడీ పెట్టగానే తెర మీద తెలుగు రావాలి. దాని బదులు ఇంగ్లీషు అక్షరాలు, ప్రశ్నార్థకాలు, పిచ్చి గీతలు కలగాపులగంగా వచ్చాయి. కుందేలు బొమ్మ ఒక్కటే బుద్ధిగా కూర్చుంది. సునంద దాని మీద నొక్కింది. ఆదెమ్మ గొంతు వినిపించాల్సిన స్పీకర్లు గుర్రుమని ఊరుకున్నాయి.

ఆదెమ్మ పక్కనే నిలబడి ఉంది. తన గొంతు పెట్టెలోంచి వస్తుందంటే వినడానికి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని మరీ వచ్చింది.

"నా గొంతు యాడ వోయింది బిడ్డా?" అని అడిగింది.

సునందకు తల కొట్టేసినట్టయింది. కొత్తగూడెంలో తమ్ముడు కిషోర్‌తో కలిసి నడిపే డీటీపీ షాపులో ఇదే సీడీ అన్ని కంప్యూటర్లలోనూ పాడింది. పక్క షాపుల్లోనూ పాడింది. పినపాక అవతల అడవి అంచున ఉన్న ఈ ఆశ్రమ పాఠశాలకు వచ్చేసరికి మూగబోయింది.

ఇక్కడ ఒకటో తరగతి పిల్లలకు ఇంట్లో కోయ భాష తప్ప మరొకటి తెలియదు. బడిలో అంతా తెలుగే. పాఠం అర్థం కాక గోడకు ఆనుకుని కూర్చుంటారు. దసరా సెలవులకు ఇంటికి పోయినవాళ్లు సగం మంది తిరిగి రారు. పెద్ద పిల్లలకు కంప్యూటర్ నేర్పడానికి వచ్చిన సునంద అది చూసి తట్టుకోలేకపోయింది. పొరుగూరి ఆదెమ్మను కూర్చోబెట్టి, ముందు కోయలో, తర్వాత తెలుగులో మాటలు చెప్పించి, బొమ్మ మీద నొక్కితే ఆ మాటలు వినిపించేలా తనే ఒక ప్రోగ్రాం రాసింది. ఇది 2007 నాటి సంగతి. ఆ ఊరికి ఇంటర్నెట్ మాటే లేదు. ఉన్నదంతా సీడీయే.

హెడ్మాస్టరు వెంకటప్పయ్య కళ్లద్దాలు సవరించుకున్నారు.

"ఏందమ్మా గిది? ఈ పిల్లలకు అసలే నోరు లేదు. నీ పెట్టెకు గూడ లేకపాయె."

"ఒక్క వారం టైమియ్యండి సార్."

"వచ్చే శనివారం ఆఖరు. గప్పుడు గూడ గిట్లనే అయితే ఈ పీరియడ్ పదో తరగతి టైపింగుకు ఇచ్చేస్త."

ఆయన్ను అనడానికీ లేదు. నిరుడు ఎవరో పాటల సీడీ తెచ్చి పెడితే, దానితో వచ్చిన వైరస్ ల్యాబు మొత్తాన్ని మట్టి కరిపించింది. అప్పటినుంచి ఆ కంప్యూటర్లలో ఏదీ ఎక్కించనివ్వరు. బయటి ప్రోగ్రాం ఏదైనా శాండ్‌బాక్స్ అనే కంచెలోనే నడవాలి. కంచె దాటి కంప్యూటర్ డిస్కు మీద ఒక్క ముక్క రాయకూడదు. సునంద నాన్న గనిలోకి దిగేముందు గేటు దగ్గర ఒళ్లంతా తడిమి బీడీలు, అగ్గిపెట్టె తీయించేవారు. ఇదీ అలాంటి తనిఖీయే. లోపల కావలసింది వెంట తెచ్చుకోవాలి, కూడనిది చేయకూడదు.

షాపుకు రాగానే కిషోర్ సలహా పారేశాడు.

"సార్ను బతిమాలి ఆ కంచె పది నిమిషాలు తీయించరాదక్కా? అన్నీ ఎక్కించి వస్తం. ఖతం."

"ఇయ్యాల ఈ సార్ను బతిమాలుత. రేపు చర్ల బడిల ఎవల్ని బతిమాలాలె? సీడీ పెడితే నడవాలె, అంతే."

కానీ తప్పు ఎక్కడుందో తేలాలిగా. ఇక్కడ నడిచిపోయేదాన్ని పట్టుకుని రోగం ఎలా వెతకడం? సునంద షాపులోని కంప్యూటర్ల వంక గుర్రుగా చూస్తూ కూర్చుంది. ఒక్కోదాని నుదుట కుంకుమ బొట్టు. వాటిని చూస్తుంటే ఉన్నట్టుండి నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది.

ఆ బజారులో కంప్యూటర్ కొంటే చేసే తతంగం అందరికీ ఒకటే. బొట్టు పెడతారు, కొబ్బరికాయ కొడతారు, ఆ చేత్తోనే తెలుగు ఫాంట్ల సీడీ, పాటల ప్లేయరు వేసేస్తారు. పెళ్లికార్డులు కొట్టాలంటే ఫాంట్లు కావాలి, కొడుతూ కూర్చోవాలంటే పాటలు కావాలి. అది ఎంత మామూలైపోయిందంటే, అవి కంప్యూటరుతో పుట్టినవి కావన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. సునంద సీడీ ఇన్నాళ్లూ ఆ ఇంటివాళ్ల సామానుతోనే వంట చేసుకుని, తన వంటే అనిపించుకుంది. ఇన్ని షాపుల్లో పరీక్షించానని మురిసిపోవడమే గానీ, ఏమీ లేని కంప్యూటర్ ఆ బజారు మొత్తంలో ఒక్కటీ లేదు.

"కిషోర్, మూలదాన్ని మొత్తం తుడిచేస్తున్న."

"పెళ్లిళ్ల సీజనక్కా! నీకు పిచ్చా?"

"అవ్, పిచ్చే. కార్డులు రెండోదాని మీద కొట్టుకో."

తుడిచింది. విండోస్ ఒక్కటే వేసి, బడిలో ఉన్నటువంటి కంచె కట్టింది. సీడీ పెట్టింది. అవే పిచ్చి గీతలు, అదే గుర్రు. ప్రోగ్రాం పాడైతే ఇంత సంతోషపడ్డ మనిషిని కిషోర్ ఎప్పుడూ చూడలేదు.

ముందు ఫాంటును సీడీలోనే పెట్టి, ఎక్కడా ఎక్కించకుండా ప్రోగ్రాం నడిచినంతసేపే వాడుకునేలా మార్చింది. అక్షరాలు వచ్చాయి. గొంతు రాలేదు. పాటల ప్లేయరులోంచి ఇన్నాళ్లూ ఎరువు తెచ్చుకున్న ముక్క, ధ్వనిని విప్పేది, అదీ సీడీలో చేర్చింది. అయినా రాలేదు. ఇక్కడ ఆమె ఓపిక నశించింది. మౌసును బల్లకేసి కొట్టి, బయటికెళ్లి చాయ్ తాగి, మళ్లీ వచ్చి కూర్చుంది. ప్రోగ్రాం వేసే ప్రతి అడుగునూ తెర మీద చెప్పించుకుంటూ పోయింది. చివరికి దొంగ దొరికాడు. మాట వినిపించే ముందు ప్రోగ్రాం దాన్ని విప్పి డిస్కు మీద రాయబోతోంది. కంచె వద్దంటోంది. అది నోరు మూసుకుంటోంది. అసలు రాయనే రాయకుండా, మెమరీలోనే విప్పి వినిపించేలా ఆ భాగమంతా తిరగరాసింది.

"కుందేలు," అంది ఆదెమ్మ గొంతు, మూలన ఉన్న కంప్యూటర్లోంచి. కిషోర్ పెళ్లికార్డు వదిలేసి లేచి వచ్చాడు.

శనివారం నాడు ల్యాబులో ఒకటో తరగతి పిల్లలు ఎప్పటిలాగే గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఆదెమ్మ ఈసారి తలుపు దగ్గరే నిలబడింది, ఆ పక్కనే వెంకటప్పయ్య. కంచె కంచెలాగే ఉంది. సునంద సీడీ పెట్టి, కుందేలు మీద నొక్కింది.

ఆదెమ్మ గొంతు కోయలో అడిగింది, ఇదేంటి పిల్లలూ అని.

గోడ దగ్గర ఒక పాప తల ఎత్తింది. పెట్టెను చూసి, పెద్దగా జవాబు చెప్పింది. తర్వాత ఇంకొకడు. నెమలి వచ్చేసరికి అందరూ లేచి తెర ముందు మూగారు. ఒకడు అరిస్తే ఇంకొకరు కాదంటున్నారు, ఎవరో నెమలి కూత కూస్తున్నారు, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. తలుపు దగ్గర ఆదెమ్మ పైట నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది.

పక్క గదిలోంచి పదో తరగతి పిల్లవాడొకడు వచ్చాడు. గోలకు పాఠం వినబడటం లేదని వాళ్ల సారు చెప్పి పంపారట.

వెంకటప్పయ్య వాణ్ని పంపించేసి, తలుపు దగ్గరకు వేశారు. ఒకటో తరగతి గోల చేయగా వినడం ఆయనకు అదే మొదటిసారి. గోడ పక్కన ఖాళీ అయిన చోట కూర్చుని, ఆ గోలంతా వింటూ ఉండిపోయారు.