ఒక్కటొస్తే బాగున్నట్టు

నా నోరు మంచిది కాదు. సూర్యాపేట మార్కెట్ యార్డులో నాతోపాటు వడ్లు చెరిగే ఆడవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. మేస్త్రి కూడా నా జోలికి రాడు. ఆ నోరే నా చెల్లెలి కొంప ముంచింది.

చెల్లెలు అనురాధది మిర్యాలగూడ. మొగుడు శివకుమార్ లారీ మీద కాకినాడకు బియ్యం తోలుతాడు. ఇంటికొస్తే కొడతాడు. కూరలో ఉప్పు తక్కువైనా కొడతాడు, ఎక్కువైనా కొడతాడు. మొదటిసారి పంచాయితీ పెట్టిస్తే తలొంచుకుని "ఇగ చెయ్యి లేపను" అన్నాడు. పెద్దమనుషులు నమ్మి, చాయ్ తాగి వెళ్లిపోయారు.

నేను నమ్మలేదు. సెల్‌ఫోన్లు మాలాంటి వాళ్ల చేతికి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. అనుకు ఒక చిన్న ఫోన్ కొనిచ్చి, అందులో నా నెంబరు ఎక్కించి, ఒక మాట చెప్పాను. రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఒక్కటొస్తే బాగున్నట్టు. రెండొస్తే నేను బస్సెక్కుతాను. ఎత్తడం మాత్రం లేదు, బ్యాలెన్స్ పోతుంది.

ఒకసారి రెండొచ్చాయి. వెళ్లి రెండో పంచాయితీ పెట్టించి వచ్చాను. తర్వాత రెండు నెలలు రోజూ ఒక్కటే వచ్చింది. నడుము దగ్గర దోపుకున్న ఫోన్ ఒక్కసారి గుర్రుమని ఆగిపోతే చాలు, ఆ పూటంతా చాట నా చేతిలో తేలిగ్గా ఆడేది.

శ్రావణంలో ఒకరోజు మేస్త్రికి చేద్దామని ఫోన్ తీశాను. సరిగ్గా అప్పుడే అను పేరు వెలిగింది. వేలు పచ్చ బటన్ మీదే ఉంది, నొక్కేశాను. అవతల లారీ హారన్. "డీజిల్ కొట్టియ్యాల్నా శివన్నా?" అని ఎవడో అడుగుతున్నాడు. నేను నోరు తెరిచేలోపే కట్టయింది.

అను ఫోన్ వాడి దగ్గరెందుకుంది? తిరిగి చేద్దామని వేలు పెట్టి ఆగాను. వాడే ఎత్తితే? అను గొంతు విని ఎన్నాళ్లయిందో గుర్తుకు రాలేదు. చాట అక్కడే పడేసి బస్టాండుకు పరుగెత్తాను.

బస్సులో కుదురుగా కూర్చోలేకపోయాను. లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను.

"జర కూసోరాదమ్మా, పడతవ్" అన్నాడు కండక్టర్.

"నీ చెల్లె అయితే కూసుంటవా?" అని ఎగిరాను. ఆయనకేం తెలుసు పాపం.

ఈ మిస్డ్ కాల్ సంగతి వాడికెవరు చెప్పారు? పెన్‌పహాడ్ దాటాక గుర్తొచ్చింది. రెండో పంచాయితీలో నలుగురి ముందు వాడికి వేలు చూపించి అరిచింది నేనే. "రోజు ఒక్క మిస్డ్ కాల్ రావాలె. రెండొచ్చినా, అసలు రాకపోయినా పోలీసోళ్లను తీస్కొనొస్త!" నా నెత్తి నేనే కొట్టుకున్నాను.

అను ఇంటి తలుపుకు బయట తాళం ఉంది. పక్కింటి దుర్గమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చింది. "లారెక్కినప్పుడల్ల గిట్లనే తాళమేసి పోతడు. కిటికీల నుంచి నేనే బువ్వ పెడుతున్న. బయట చెప్తే నా పని గూడ చెప్తనన్నడు."

ఆమె ఇంట్లోని రోకలి తెచ్చి తాళం పగలగొట్టాను. అను గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి మోచేతి దాకా వాచిపోయింది.

"పదిహేను దినాలైంది ఫోన్ గుంజుకొని" అంది. "నీ నెంబర్ నాకు నోటికి రాదక్కా."

"నేనే చెప్పిన్నే వానికి" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"ఎరుకే. నీ మాటలే అనుకుంట కొట్టిండు."

దవాఖానలో చేతికి పట్టీ వేయించాం. మర్నాడు పొద్దున పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాం. "కేసు పెడ్తవా, పిలిచి మాట్లాడాల్నా?" అని ఎస్సై అడిగాడు. అను నేల చూస్తోంది. వద్దంటుందేమోనని నా భయం. ఏదో అనబోతే మోకాలితో పొడిచింది, నోరు మూసుకున్నాను.

గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. నా చేతిలో ఫోన్ వెలిగింది. అను పేరు.

పక్కనే ఉన్న అను చటుక్కున లాక్కుని, పచ్చ బటన్ నొక్కి చెవికి పెట్టుకుంది.

"అనురాధను మాట్లాడుతున్న. నేను బాగున్న" అంది. "నువ్ యాడున్నవో చెప్పు, సారు కేసు రాసుకుంటున్నడు."