చుక్క కాలు

దర్శిలో జట్కా తోలే జక్రయ్య ఆ ఉదయం గుర్రాన్ని బయటికి తీయబోతే అది కదల్లేదు. దాని పేరు చుక్క. వెనక ఎడమ కాలు కర్రలా బిగుసుకుపోయి వెనక్కి చాచుకుని ఉంది. ముందుకు లాగితే గిట్ట నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది.

“ఎలీసమ్మా, చుక్క కాలు విరిగిందే!” అని అరిచాడు.

భార్య పరుగున వచ్చేసరికి టక్కుమని చప్పుడైంది. కాలు మామూలుగా మడుచుకుంది. చుక్క తాపీగా నడిచి తొట్టిలో మూతి పెట్టింది.

“విరిగిన కాలుతో ఇట్టా నడుస్తదా?” అంది ఎలీసమ్మ.

మర్నాడూ అంతే. జట్కాలు తోలి తోలి ముసలివాడైన సిలార్ వచ్చి చూశాడు.

“నరం పట్టిందిరా. కట్టేసి ఉంచు, కదలనీయబాక. తగ్గకపోతే వాత పెడదాం.”

బండి ఆగిపోయింది. చుక్క కొట్టంలోనే ఉండిపోయింది. అయితే కట్టేసి ఉంచేకొద్దీ కాలు ఇంకా తరచుగా పట్టేయసాగింది. తొడ కండ కూడా జారిపోయింది. పని లేకుండా కడుపు నిండా తింటున్న గుర్రానికి జబ్బు ముదరడమేమిటో జక్రయ్యకు అంతుబట్టలేదు. వాతకు మనసొప్పక పశువుల ఆస్పత్రికి తోలుకుపోయాడు.

డాక్టర్ శేషాచలంగారి ముందు చుక్క పెళ్లి ఊరేగింపుకి వచ్చినట్టు నడిచింది.

“అబద్ధం కాదండీ! పొద్దున్నే కర్రయిపోద్దండీ!”

“నిన్ను నమ్మలేదని ఎవరన్నారయ్యా? ఉన్నచోటే గుండ్రంగా తిప్పు.”

తిప్పగానే కాలు పట్టేసింది. డాక్టర్ పొట్ట పక్కనున్న కీలు తడిమారు.

“గుర్రానికి వెనక మోకాలు ఇదే. దీని చిప్ప పైకి జారి ఇరుక్కుంటోంది. తొడ కండ గట్టిగా ఉంటే దాన్ని సర్దుతుంది. కట్టేసి ఉంచావు, ఆ కండ కరిగింది. రోజూ తిన్నగా నడిపించు, కొంచెం కొంచెం ఎత్తు ఎక్కించు. పట్టేస్తే రొమ్ము మీద చెయ్యేసి వెనక్కి నెట్టు.”

“కుంటే ఈ గుర్రాన్ని ఎత్తు ఎక్కించమంటారా అండీ?”

“ఎక్కించాలి. తగ్గకపోతే ఆపరేషన్. తగ్గుతుందని మాట మాత్రం ఇవ్వలేను.”

ఒకరు కదలనీయొద్దంటారు, ఒకరు ఎక్కించమంటారు. ఇద్దరూ గుర్రం మంచి కోరేవాళ్లే. ఇంటిదాకా జక్రయ్య తల తిరుగుతూనే ఉంది.

మర్నాడు సాగర్ కాలవ కట్ట వాలు మీదికి చుక్కను నడిపించాడు. సగం ఎక్కేసరికి కాలు బిగుసుకుంది. గుర్రం వణికింది. “యేసయ్యా” అంటూ రొమ్ము పట్టి వెనక్కి నెట్టాడు. ఒక్క అడుగు వెనక్కి వేసిందో లేదో టక్కుమంది. కాలు వదిలేసింది.

ఇప్పుడు పైకా, ఇంటికా? పగ్గం పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. చుక్కే మెడ సాచి పైకి కదిలింది. అతను దాని వెంట నడిచాడు.

ఆ తర్వాత కొన్ని పొద్దులు బాగుండేది, కొన్ని పొద్దులు మళ్లీ మొదటికొచ్చేది. నానబెట్టిన ఉలవలు పెట్టాడు, కట్ట ఎక్కించాడు. ఎలీసమ్మ ప్రార్థన చేయించింది. సిలార్ ఏదో తైలం తెచ్చి రుద్దాడు. మిరపకాయలు కళ్లాలకు చేరేనాటికి తొడ మళ్లీ నిండింది. కాలు పట్టేయడం ఎప్పుడాగిందో ఎవరూ గమనించనేలేదు.

“నా తైలమేరా!” అన్నాడు సిలార్.

“ఏమో బాబాయ్,” అన్నాడు జక్రయ్య. నిజంగానే అతనికి తెలియదు.

బండి కట్టిన రోజు పత్తి ఏరే ఆడవాళ్లు దారిలో ఆపారు.

“గుర్రం బాగైందా జక్రయ్యా?”

“బాగైందో లేదో చెప్పలేనమ్మా. నడుస్తా ఉంది. ఎక్కండి.”