లెక్కలోకి రాని ముడి

చంద్రమౌళి గారు మంచివాడే, అందులో సందేహం లేదు. కానీ ముప్పై ఏళ్లు కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరైన మనిషికి ఇంట్లో కాలు నిలవదు కదా, పోయిన జన్మ గుర్తుందనే పిల్లల వెంట ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నాడు. అలా తిరిగి తిరిగి ఒకరోజు వరంగల్‌లో విమల ఇంటి గేటు తట్టాడు. నెక్కొండలో సాయితేజ అనే నాలుగేళ్ల పిల్లాడు తన ఇల్లు వరంగల్‌లో చర్చి పక్కన ఉందనీ, తన తల్లి పేరు విమల అనీ, తను నీళ్లలో మునిగిపోయాననీ అంటున్నాడని చెప్పాడు.

విమల చేతిలోని చాట పక్కన పెట్టి గడప మీదే కూలబడింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు స్టీఫెన్ ఐదేళ్ల కిందట స్నేహితులతో ధర్మసాగర్ చెరువుకు ఈతకని వెళ్లి తిరిగి రాలేదు. అప్పుడు వాడికి ఇరవై రెండేళ్లు.

సంగతి చెవిన పడగానే ఆమె భర్త సుందర్ రావు మండిపడ్డాడు. చర్చి పెద్ద ఆయన. పోయినవాళ్లు ప్రభువు దగ్గర ఉంటారు, మళ్లీ పుట్టడమేమిటన్నాడు. ఆ పిల్లాణ్ని ఇంటికి తీసుకొచ్చే రోజు తను ఇంట్లో ఉండనని తేల్చి చెప్పాడు. విమల కూడా ఇన్నాళ్లూ ఆ నమ్మకం మీదే బతికింది. ఎప్పటికైనా పరలోకంలో కొడుకును చూస్తాననేదే ఆమెకున్న ఆధారం. వాడు నెక్కొండలో ఉంటే మరి అక్కడ ఎదురుచూసేది ఎవరు? అయినా ఉన్న మాట చెప్పుకోవాలి, ఆమెకు పరలోకం కంటే పిల్లాడే కావాల్సి వచ్చాడు. ఒక్కసారి వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే చాలు, తర్వాత ప్రభువు ఏ శిక్ష వేసినా సరే అనుకుంది.

చంద్రమౌళి గారి పరిశోధనకు మడీ ఆచారం ఎక్కువ. స్టీఫెన్ కంచాన్ని అలాంటివే మరికొన్ని కంచాల మధ్య పెట్టించాడు. వాడి చొక్కాను పక్కింటి కుర్రాళ్ల చొక్కాల్లో, ఫొటోను ముక్కూ మొహం తెలియని వాళ్ల ఫొటోల్లో కలిపాడు. అన్నీ చాప మీద పరిచాక విమలను వెనక తలుపు వారన నిలబడమన్నాడు. పెద్దవాళ్ల చూపు ఎటు పోతే పసివాళ్లు అటు చెయ్యి చాపుతారట. ఈ పిల్లలు ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి అన్నీ మరిచిపోతారని, అందుకే తనకింత తొందర అని కూడా చెప్పాడు.

సాయితేజ, తల్లి రమ చంకనెక్కి వచ్చాడు. చామనఛాయ, సన్నటి కాళ్లు, కళ్లనిండా నిద్ర. స్టీఫెన్ పోలిక మచ్చుకైనా లేదు. చాప ముందు కూర్చోబెడితే వేరే కంచం తీశాడు. వేరే చొక్కా తీశాడు. ఫొటోల్లో ఎవరో మీసాలాయన్ని చూపించి నవ్వాడు. చంద్రమౌళి గారి మొహం వాడిపోయింది.

టీ పెట్టే వంకతో విమల వంటింట్లోకి వెళ్తే రమ వెనకే వచ్చింది. వాడు మాటలు వచ్చినప్పటి నుంచీ ఇదే పాట అనీ, ఊళ్లోవాళ్లు వాణ్ని వింతను చూసినట్టు చూసి పోతున్నారనీ చెప్పింది.

"నన్ను రమా అని పేరు పెట్టి పిలుస్తాండక్కా. నువ్వు మా అమ్మవు గావు అంటాండు. మీరు గిట్ల అవునంటే ఇగ వాడు నాకు దక్కడు."

విమలకు జాలి కలగలేదు, కోపం వచ్చింది. పేరు పెట్టి పిలిస్తేనేం, పిలవడానికి నీ కొడుకు నీ కళ్లముందు ఉన్నాడు కదా అనుకుంది. అలా అనుకుంటూనే కప్పులు కడిగింది.

టీలు అయ్యాయి. చంద్రమౌళి గారు కాగితాలు సర్దుకుంటున్నాడు. రమ గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది. విమల చాప మీద కూర్చుని కంచాలు ఒకదాని మీద ఒకటి పెడుతుంటే పిల్లాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. కొంగు కొస పట్టుకుని ఆడుకుంటున్నాడు కాబోలు అనుకుంది. కాసేపటికి చూస్తే కొసన ముడి ఉంది.

స్టీఫెన్ చిన్నప్పుడు ఏదైనా కావాలంటే, తల్లి బజారుకు వెళ్లి మరిచిపోతుందని ఆమె కొంగుకు ముడి వేసేవాడు. ఆమె చూసుకుని ఏం కావాలని అడిగేది. అడిగింది చేతికి వచ్చాకే ముడి విప్పాలి, అది తల్లీకొడుకుల ఒప్పందం. మీసాలొచ్చినా వాడు మానలేదు. చివరి రోజు పొద్దున ముడి వేసి చేపల పులుసు అడిగాడు. పులుసు పొయ్యి మీద ఉండగానే ఫోన్ వచ్చింది. ఈ ముడి సంగతి విమల ప్రొఫెసర్‌కు చెప్పలేదు. ఆయన వస్తువులు అడిగాడు, ఆమె వస్తువులే ఇచ్చింది.

ఆమె పిల్లాడి వైపు వంగింది. ఎవరికీ వినపడకుండా అడిగింది.

"ఏం కావాలె బిడ్డా?"

పిల్లాడు ఆమె మొహంలోకి చూశాడు.

"అమ్మ కావాలె. ఇంటికి పోత."

ఒక్క క్షణం విమలకు ఆ అమ్మ తనే అనిపించింది. ఆ ఇల్లు ఇదే అనిపించింది. కానీ పిల్లాడి చెయ్యి గుమ్మంలో కళ్లు తుడుచుకుంటున్న రమ వైపు చాచి ఉంది.

చంద్రమౌళి గారు కళ్లజోడు సవరించుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు. "నేను చూడకుండా వాడు ఏమైనా చేశాడా అమ్మా? ఎంత చిన్నదైనా సరే, చెప్పండి."

విమల కొంగు కొస పిడికిట్లోకి తీసుకుని నడుము దగ్గర దోపుకుంది.

"ఏం లేదు సార్. ఈ పిలగాడు మా స్టీఫెన్ కాదు."

రమ బావురుమని ఏడ్చింది. పిల్లాడు పరుగున వెళ్లి ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకున్నాడు. వాళ్లు సందు దాటేదాకా విమల గేటు దగ్గరే నిలబడింది. వాడు వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రం సుందర్ రావు వచ్చి ఏమైందని అడిగాడు. వాడు కాదని చెప్పింది. స్తోత్రం అన్నాడాయన. అని, వరండాలోకి పోయి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన భుజాలు కదలడం కిటికీలోంచి ఆమెకు కనిపించింది. ఈ మనిషి కూడా ఇన్నాళ్లూ ఆశపడ్డాడని అప్పుడు తెలిసింది.

పిల్లాడు అడిగిన అమ్మను ఇచ్చేసింది కనుక ఇక ముడి విప్పాలి. విమల దీపం కింద కూర్చుని, నడుము దగ్గర దోపిన కొంగు బయటికి తీసింది. కొసన ముడి లేదు, నలిగిన గుర్తు ఒక్కటే ఉంది. నాలుగేళ్ల వేళ్లకు బలమెంత, ఎప్పుడో దానంతటదే ఊడిపోయింది. కొడుకు ఆమెకు విప్పే పని కూడా మిగల్చలేదు.