మకడామియా మసి

ఆ ఉదయం పరీక్ష యంత్రం తెరమీద గీత శిఖరంలా లేవకూడదు. లేచింది.

బండబర్గ్ తోటల నుంచి తెచ్చిన మకడామియా గింజల పెంకుల్ని కాల్చి నల్లపొడి చేశాం. కరెంటు పెడితే అది కార్బన్ డయాక్సైడును మిథనాల్‌గా, అంటే బండ్లు నడిపే ఇంధనంగా, మారుస్తుందని మా నమ్మకం. నా డాక్టరేటు ఆ పొడిమీదే ఆధారపడి ఉంది. థీసిస్ సమర్పించే ముందు ఎదురు పరీక్షగా కార్బన్ డయాక్సైడు బదులు ఆర్గాన్ పంపాను. ఆర్గాన్‌లో కార్బన్ ఉండదు. మిథనాల్ రావడానికి వీల్లేదు. అయినా వచ్చింది, ఎప్పటంత ఎత్తుగా.

"తప్పు సిలిండర్ తగిలించి ఉంటావురా డెక్లన్," అంది టామ్సిన్. పొడి తయారు చేసేది ఆమె. "పొద్దున్నే ఆ సర్ఫింగ్ మానెయ్. చెవుల్లో నీళ్లు బుర్రలోకి దిగుతున్నాయి."

"సిలిండర్ సరైనదే. పొడిని దేంతో కడుగుతున్నావ్?"

"దేంతోనేంటి, మిథనా..."

బల్లమీది మిథనాల్ సీసా వైపు చూసింది.

"ఆరబెడుతున్నాగా," అంది మెల్లగా. "మొదట్లో నీళ్లతోనే కడిగేదాన్ని. తొందరగా ఆరుతుందని మార్చాను."

నీళ్లతో కడిగిన రోజుల్లో ఏమీ రాలేదు. తర్వాత ఉన్నట్టుండి రావడం మొదలైంది. మా ప్రొఫెసర్ ఐల్సా ఆ రోజు నన్ను కావలించుకుని "మన ఫలితం" అంది. ఈ పొడి గొప్పతనమంతా దాని రంధ్రాల్లోనే ఉందని నేను ప్రతి సభలోనూ చెప్పాను. అబద్ధం కాదు. కడగడానికి పోసిన మిథనాల్‌నే ఆ రంధ్రాల్లో దాచుకుని, కొంచెం కొంచెంగా మాకే వదిలింది. మెచ్చుకోళ్లను నేనూ అలాగే దాచుకున్నాను. ఒంటరిగా ఉన్నప్పుడు అవి ఊరుతుంటే నా ప్రతిభ అనుకునేవాణ్ణి.

నీళ్లతో కడిగిన పొడి పెట్టి, ఈసారి కార్బన్ డయాక్సైడే పంపాం. గీత నేలబారుగా సాగిపోయింది.

ఐల్సా వచ్చి ఆ గీతను చూసింది. తిడితే బాగుండుననిపించింది. నా భుజం తట్టబోయి, చెయ్యి కోటు జేబులో పెట్టుకుంది.

"అచ్చులో పడకముందే తెలిసింది, నయం. మరి నీ ఫలితాన్ని ఏం చేద్దామనుకుంటున్నావ్?"

జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

తలుపు మూసుకున్నాక టామ్సిన్ సీసాకు మూత బిగించింది.

"ఆ 'మన' భలే తొందరగా ఆరిపోయిందిరా."